మూగదెబ్బ - దాని అంకెలు

చర్మము చిట్లక, నెత్తురు బయటికి రాక, లోలోపల కమిలిపోవు దెబ్బను మనవారు మూగదెబ్బ యందురు. మన చుట్టునున్న కన్నడిగులు దానినే 'మూగేటు' అందురు. ఏటనగా దెబ్బ, మన 'వేటు' దానికి దగ్గఱి చుట్టము. ఇరుభాషలవారికిని ఒకే ఊహ తోచినదన్నమాట. తెగిన గాయము నెత్తుటితో తన సంగతి తానే చెప్పుకొనును. ఈ దెబ్బకు నోరు లేదు. ఎక్కడ తగిలినదో, ఎంత లోతున నున్నదో, ఎట్లు తగిలినదో మఱియొకరు చెప్పవలసినదే. అట్లు చెప్పినదానిని నేటి వైద్యాలయములలో ఒక అక్షరముగను, కొన్ని అంకెలుగను మార్చి వ్రాసికొందురు. ఆ పనికి మెడికల్ కోడింగ్ అని పేరు. ఆ దెబ్బ తత్త్వమును, ఆ అంకెల మర్మమును విద్యార్థులకు కొంత తెలుపుటకై ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ముందు దెబ్బ సంగతి. చర్మము క్రింద వెండ్రుకకంటె ఎన్నో రెట్లు సన్ననైన నెత్తుటి నాళములు అల్లిబిల్లిగా అల్లుకొనియుండును. వానిని కేశనాళికలందురు. గోడకో, బల్లకో, కబడ్డీ ఆటలో ఎదుటివాని మోకాలికో ఒడలు తాకినప్పుడు పైచర్మము సాగి ఓర్చుకొనును. లోపలి నాళికలు ఓర్చుకొనలేక చిట్లును. వానినుండి వెడలిన నెత్తురు చుట్టునున్న క్రొవ్వులోను, కండలోను ఇంకును. అదియే కమిలిన మచ్చ. చిట్లిన చోటులకు ప్లేట్లెట్లు అను రక్తఫలకికలు చేరి అడ్డుకట్ట వేయును. తోడువేసిన పాలు పేరుకొనినట్లు రక్తము పేరుకొనును. కన్నడమున తోడును 'హెప్పు' అందురు గాన, రక్తము గడ్డకట్టుటను వారు 'హెప్పుగట్టుట' యనియే చెప్పుదురు.

కమిలిన మచ్చ రంగులు మార్చుటను మీరందఱును చూచియే యుందురు. మొదట ఎఱుపు, పిదప నీలము కలిసిన నలుపు, ఆపై ఆకుపచ్చ, తరువాత పసుపు, కడపట గోధుమరంగు. సుమారు రెండు వారములకు చర్మము మునుపటి రూపునకు వచ్చును. నాళము విడిచిన నెత్తురు ప్రాణవాయువును కోల్పోయి నల్లబడును. అంతట శరీరమందలి భక్షకకణములు అచ్చటికి వచ్చి, ఎఱ్ఱకణములను మ్రింగి, వానిలోని హీమోగ్లోబినును విడగొట్టును. మొదట వెలువడునది బిలివర్డిన్. దాని రంగు ఆకుపచ్చ. అది మాఱి బిలిరుబిన్ అగును. దాని రంగు పసుపు. కామెర్ల రోగి కన్నులు పచ్చబడుటకు కారణమైన పదార్థము ఇదియే. మన తెలుగున 'పచ్చ' యను ఒక్క మాట ఆకురంగునకును పసుపురంగునకును చెల్లుచున్నది. ఇతర విషయములలో ఇది చిక్కు కావచ్చును గాని, కమిలిన మచ్చ విషయమున ఆ రెండును ఒకదాని పిమ్మట నొకటి వచ్చు అన్నదమ్ములే. మిగిలిన ఇనుము హీమోసిడెరిన్ అను గోధుమరంగు పదార్థముగా కొన్నాళ్ళు అక్కడ నిలిచి, మెల్లగా మరల శరీరమునకు వినియోగపడును.

ఇనుమనగానే మన కొండలు తలపునకు వచ్చును. సండూరు కొండలలో త్రవ్వు ఇనుపరాతికి హెమటైట్ అని పేరు. గ్రీకుభాషలో 'హైమ' యనగా నెత్తురు. ఆ రాతిని నూఱినచో నెత్తుటివంటి ఎఱ్ఱని పొడి వచ్చును గాన దానికి ఆ పేరు కలిగినది. నెత్తురు గూడుకట్టిన వాపునకు వైద్యులు పెట్టిన పేరు హెమటోమా. అదియు ఆ 'హైమ' నుండియే పుట్టినది. లారీలలో పోవు రాతికిని, పిల్లవాని నొసటి బొప్పికిని ఒక్కటే మాట మూలమగుట భాష చెప్పు ఉపాధ్యాయునకు కలుగు చిన్న సంతోషము. మాటయే కాదు, వస్తువును ఒక్కటే. ఆ రాతికి ఎఱుపు ఇనుమువలన వచ్చినది; నెత్తుటి ఎఱుపునకును ఇనుమే ఆధారము. ఐనను పెరిగిన మనుష్యుని ఒడలంతటను గల ఇనుము మూడు నాలుగు గ్రాములకు మించదు.

కమిలిన మచ్చకును హెమటోమాకును భేద మేమనగా, నెత్తురు పలుచగా ఇంకి వ్యాపించినచో అది మచ్చ. ఒక్కచోట చేరి గూడుకట్టినచో అది హెమటోమా. మొదటిది చేతికి తగులదు, కంటికి కనబడును. రెండవది చేతికి గట్టిగానో మెత్తగానో ఉబ్బుగా తగులును. తలమీద వచ్చినప్పుడు మనము 'బొప్పి కట్టినది' అనునది ఇదియే. తలుపు సందున వ్రేలు నలిగినప్పుడు గోరు క్రింద నల్లగా నిలుచు నెత్తురును ఇదియే. చేతిగోరు నెలకు సుమారు మూడు మిల్లీమీటర్లే పెరుగును గాన, ఆ నలుపు పూర్తిగా తొలగుటకు ఆఱు నెలలు పట్టవచ్చును.

మన చర్మపు వన్నె విషయమున ఒక మాట చెప్పవలెను. పాఠ్యగ్రంథములలోని చిత్రములు చాలవఱకు తెల్లని చర్మముపై చూపినవి. ఛామనచాయవారికిని, నల్లనివారికిని ఎఱుపు, పసుపు తేటగా కనబడవు. చుట్టునున్న చర్మముకంటె మఱికొంత నల్లగా మాత్రమే తోచును. కావున చూపునే నమ్ముకొనక చేతితో తాకి వేడిని, వాపును, నొప్పిని కనుగొనవలెను. అట్లే, రంగును చూచి దెబ్బ ఏనాటిదో చెప్పుట పూర్వము వైద్యులకు అలవాటు. న్యాయస్థానములలో సాక్ష్యము కూడ అట్లు చెప్పెడివారు. దెబ్బ తగిలిన 18 గంటల లోపల పసుపురంగు కనబడదని పరిశీలనలో తేలినది గాని, మిగిలిన రంగులు మనిషికి మనిషికి, ఒకే మనిషి ఒడలిలో చోటుకు చోటుకు మాఱును. అందుచే రంగునుబట్టి తేదీ నిర్ణయింపరాదని నేటి వైద్యుల మతము.

చికిత్స స్వల్పమే. దెబ్బ తగిలిన వెంటనే చల్లని నీటిలో తడిపిన గుడ్డనో, గుడ్డలో చుట్టిన మంచుగడ్డనో 15, 20 నిమిషములు అదిమిపట్టి, ఆ అవయవమును ఎత్తుగా నుంచి విశ్రాంతి నీయవలెను. చల్లదనమునకు నాళికలు ముడుచుకొని నెత్తురు కారుట తగ్గును. మన ఇండ్లలో ఇందుకు మాఱుగా జరుగునది మర్దనము. బిడ్డ తలకు బొప్పి కట్టగానే తల్లి అరచేతితో గట్టిగా రుద్దును. ఆట మైదానమున తోటివారు తొడను పట్టి పిసుకుదురు. ప్రేమతో చేసినను అది అపకారమే; చిట్లిన నాళికలు మరల చిట్లును. తొడకండలో నెత్తురు గూడుకట్టినప్పుడు బలముగా మర్దించినచో, ఆ కండలో ఎముకవంటి గట్టిపదార్థము పెరుగు ప్రమాదము కూడ కలదు. కాపడము పెట్టవలెనన్న రెండు దినములు గడచిన పిమ్మటనే. బొప్పిని సూదితో పొడిచి నెత్తురు తీయుట తగదు. అవయవము బిగుసుకొని, నొప్పి క్షణక్షణము హెచ్చి, స్పర్శ తగ్గినచో మాత్రము ఇంటిలో నిలువక ఆసుపత్రికి పోవలెను.

ఇంతవఱకు చెప్పినది పైదెబ్బ. కపాలము లోపలి దెబ్బ వేఱు జాతిది. కపాలము పైన నెత్తురు చేరినచో చర్మము సాగి దానికి చోటిచ్చును. బిడ్డ ఏడ్చును, బొప్పి కట్టును, నాలుగు దినములలో తగ్గును. అంతే నెత్తురు కపాలము లోపల చేరినచో, ఎముక సాగదు గాన, మెదడే నలిగిపోవలెను. కణతల యొద్ద ఎముక పలుచన. దానికి లోపలి ప్రక్కన ఒక ధమని ప్రాకియుండును. అచ్చట తగిలిన దెబ్బకు ఆ ధమని చిట్లినచో, ఎముకకును మెదడుపై పొరకును నడుమ నెత్తురు నిండుట మొదలిడును. ఇందలి మోసమేమనగా, దెబ్బ తిన్నవాడు తొలుత కొంతసేపు స్పృహ తప్పినను మరల లేచి కూర్చుండి మాటలాడును, నవ్వును, ఇంటికి నడచి పోవును. కొన్ని గంటలు గడచిన తరువాత తలనొప్పి హెచ్చి, వాంతులై, మగతలోనికి జాఱును. ఆ నడిమి కాలమును చూచి 'వానికేమియు కాలేదు' అని తలచుటచే ఎందఱో ప్రాణములు కోల్పోయినారు.

క్రికెట్ ఆడు బాలురకు రెండు పేర్లు చెప్పెదను. 1962 మార్చిలో భారతజట్టు నాయకుడు నారీ కాంట్రాక్టరు బార్బడోసున గ్రిఫిత్ విసరిన బంతి తలకు తగిలి కపాలము చిట్లగా, వైద్యులు తలకు శస్త్రచికిత్స చేసి ఆయనను బ్రదికించిరి. ఆయనకై నెత్తురు దానము చేసినవారిలో ఎదుటిజట్టు నాయకుడు ఫ్రాంక్ వొరెల్ ఒకడు. కాంట్రాక్టరు మరల టెస్టు ఆట ఆడలేదు గాని, దీర్ఘకాలము జీవించెను. 1998 ఫిబ్రవరిలో ఢాకాలో రమణ్ లాంబా శిరస్త్రాణము లేకుండ బ్యాటుకు మిక్కిలి దగ్గఱగా నిలువబడియుండగా బంతి వచ్చి తలకు తగిలినది. ఆయన తన కాళ్ళమీదనే నడచి గదికి పోయెను. పిదప స్పృహ తప్పెను. మూడు దినములకు మరణించెను. శస్త్రచికిత్స చేసినను ప్రయోజనము లేకపోయెను. నడిచి పోయెనన్న మాటను మీరు మఱవరాదు.

తలకు దెబ్బ తగిలినవానిని ఒక దినమైనను కనిపెట్టియుండవలెను. మాటిమాటికి వాంతి, హెచ్చుచున్న తలనొప్పి, లేపినను లేవని నిద్ర, తడబడు మాట, ఒక ప్రక్క కాలుచేతుల బలహీనత, మూర్ఛ, ఒక కంటిపాప పెద్దదియు ఒకటి చిన్నదియు అగుట, ముక్కునుండి గాని చెవినుండి గాని నీరువంటి ద్రవము కారుట - వీనిలో ఒక్కటి కనబడినను వెంటనే పెద్ద ఆసుపత్రికి చేర్పవలెను. కంటికి దెబ్బ తగులకయే రెండు కన్నుల చుట్టును నల్లగా కమిలినను, చెవి వెనుక కమిలినను, కపాలపు అడుగుభాగము చిట్లినదని వైద్యులు అనుమానింతురు. వృద్ధుల విషయము మఱియొక రీతి. వయసు మీఱినకొలది మెదడు కొంత ముడుచుకొనును; దానిని పైపొరతో కలుపు సిరలు సాగి బిగువుగా నుండును. స్నానాలగదిలో స్వల్పముగా జాఱినను అవి తెగి, నెత్తురు బొట్టుబొట్టుగా చేరి, మూడు నాలుగు వారములకు గాని బయటపడదు. తాత మతిమఱుపు చూపుచు, నడక తడబడుచున్నాడనగా, 'వయసు' అని త్రోసివేయక, గడచిన నెలలో ఎప్పుడైన పడినాడా యని అడుగవలెను.

ఇక అంకెల సంగతి. వ్యాధులను లెక్కించుటకు ముందు వానికి నిలుకడగల పేర్లుండవలెను. 1662లో లండను వర్తకుడు జాన్ గ్రాంట్ ఆ నగరపు మరణపట్టికలను లెక్కించి ఒక గ్రంథము ప్రకటించెను. తరువాతి శతాబ్దములలో లెక్కలు పెరిగినకొలది ఒక చిక్కు తేలినది. ఒకే వ్యాధికి మూడు నాలుగు పేర్లు, ఒకే పేరు మూడు నాలుగు వ్యాధులకు! 19వ శతాబ్దమున ఇంగ్లండులో విలియం ఫార్ ఈ అవస్థను ఎత్తిచూపి వర్గీకరణకు పాటుపడెను. 1893లో ఫ్రెంచి గణాంకవేత్త జాక్ బెర్టిలాన్ మరణకారణముల పట్టికను రచించి, చికాగోలో జరిగిన అంతర్జాతీయ గణాంక సంస్థ సభచే అంగీకరింపజేసెను. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పట్టిక భారమును వహించి, ఆఱవ సవరణలో మరణములకే కాక వ్యాధులకును గాయములకును స్థానమిచ్చెను. ఇదియే ఐ.సి.డి. అనబడు అంతర్జాతీయ వ్యాధివర్గీకరణము. పదవ సవరణ 1990లో ఆమోదింపబడి 1994 నుండి వాడుకలోనికి వచ్చినది. పదునొకండవది 2022 జనవరి 1 నుండి అమలునకు వచ్చినను, పెక్కుచోట్ల నేటికిని పదవదియే నడచుచున్నది. అందుచే దానినే వివరింతును.

అందు గాయములకు ముఖ్యమైన అక్షరము ఎస్. దాని ప్రక్కనుండు మొదటి అంకె శరీరమున చోటు. తల మొదలు పాదము వఱకు క్రమముగా దిగుదురు: సున్న తల, 1 మెడ, 2 రొమ్ము, 5 మోచేయి ముంజేయి, 8 మోకాలు పిక్క, 9 చీలమండ పాదము. రెండవ అంకె గాయపు జాతి: సున్న యైనచో పైపై గాయము, 1 ఐనచో తెఱచిన గాయము, 2 ఐనచో విఱిగిన ఎముక. కావున ఎస్80 అనగా మోకాలు, పిక్కలకు తగిలిన పైగాయము. దానికి చుక్క పెట్టి సున్న చేర్చినచో, ఎస్80.0, మోకాలు కమిలినదని అర్థము. పద్యమునకు గణవిభజన చేయగలిగినవారికి ఇది కష్టము కాదు. కమిలిన మచ్చకును చర్మము క్రింది హెమటోమాకును ఈ వర్గీకరణము వేఱు గదులు కట్టలేదు. రెండును 'పైగాయము' క్రిందనే చేరును.

కాని తలకడకు వచ్చి చూడుడు. కంటిఱెప్ప కమిలినచో ఎస్00.1. కపాలము లోపల, మెదడుపై పొరకు వెలుపల నెత్తురు చేరినచో ఎస్06.4, పొరకు లోపల చేరినచో ఎస్06.5. రెంటిని నోటితో చెప్పునప్పుడు 'నెత్తురు గూడుకట్టినది' అనియే అందుము. పట్టికలో 00కును 06కును నడుమనున్నది ఒక్క అంకె తేడా. శరీరమున వాని నడుమ నున్నది కపాలపుటెముక. ఈ పట్టికను రచించినవారు దెబ్బ రంగును గాని, వైశాల్యమును గాని లెక్కకు తీసికొనక, చోటునకు మొదటి స్థానమిచ్చుట నాకు మిక్కిలి సమంజసముగా తోచినది.

ఎక్కడ, ఏమి యనుటతో పని ముగియలేదు. ఎట్లు తగిలినదో చెప్పుటకు వేఱు అక్షరములు గలవు. చెట్టునుండి పడుట డబ్ల్యు14. ఎనుము కొమ్ముతో కుమ్ముట డబ్ల్యు55. వాహన ప్రమాదములకు 'వి' అను అక్షరము. మఱియొకరు కఱ్ఱవంటి మొద్దు వస్తువుతో కొట్టినచో వై00. ఒకే మోకాలి దెబ్బ, ఒకే ఎస్80.0, దానిప్రక్క డబ్ల్యు చేరుటయా, వై చేరుటయా అనునది పిల్లవాడు చెప్పు మాటమీద ఆధారపడియున్నది. కొట్టినవారిపై భయముచే 'పడితిని' అని చెప్పినచో, లెక్కలో మఱియొక పతనము చేరును. కొట్టినచేయి లెక్కకు రాదు.

ఇచ్చట ఒక సంగతి దాచరాదు. కఱ్ఱతో గాని బెత్తముతో గాని కొట్టిన వాతకు ప్రత్యేకమైన రూపు కలదు. రెండు సమాంతర రేఖలు కమిలి, నడుమ చర్మము తెల్లగా నుండును. కొట్టినచోటి నెత్తురు ప్రక్కలకు నెట్టబడి అంచుల యొద్ద నాళికలు చిట్లుటయే కారణము. వైద్యుడు దానిని చూచినంతనే గుర్తించును. ఆడుకొను పిల్లలకు మోకాళ్ళపై, మోకాలి క్రింది ముందెముకపై, నొసటిపై దెబ్బలుండుట సహజము. చెవులపై, మెడపై, వీపుపై, పిరుదులపై ఉండుట అంత సహజము కాదు. ఇంకను నడక రాని పసిబిడ్డ ఒడలిపై కమిలిన మచ్చ కనబడినచో తప్పక కారణము విచారింపవలెను. 2009 నాటి విద్యాహక్కు చట్టపు 17వ విభాగము పాఠశాలలలో శారీరకదండనను నిషేధించినది. ఇంట గాని బడిలో గాని అట్టి దెబ్బలు తినుచున్న పిల్లలు 1098 సంఖ్యకు ఫోను చేసి చెప్పుకొనవచ్చును. దానికి రుసుము లేదు.

దెబ్బయే తగులక కమిలిన మచ్చలు కనబడుట కూడ కలదు. అప్పుడు సంకేతపు అక్షరమే మాఱిపోవును. రక్తదోషములు 'డి' క్రింద చేరును. మైక్రోలీటరు నెత్తుటిలో లక్షన్నర మొదలు నాలుగున్నర లక్షల వఱకు ఉండవలసిన ప్లేట్లెట్లు మిక్కిలి తగ్గినచో చర్మముపై సూదిమొనవంటి ఎఱ్ఱని చుక్కలు, మచ్చలు పుట్టును. వానకాలమున జ్వరముతో పాటు ఇట్టివి కనబడినచో డెంగీని అనుమానించి పరీక్ష చేయింపవలెను. ఆస్పిరిన్ మాత్ర మ్రింగరాదు, అది నెత్తురు కారుటను హెచ్చించును. చిన్నదెబ్బకే మోకీలు నెత్తుటితో ఉబ్బు బాలునకు హీమోఫీలియా యను పుట్టువ్యాధి ఉండవచ్చును. దాని ముఖ్యభేదమునకు డి66 అని సంకేతము. గుండెజబ్బునకై నెత్తురు పలుచబఱచు మందులు వాడు పెద్దలకును తేలికగా కమలును. వారికి తలదెబ్బ తగిలినచో ఆ మందుల సంగతి మొదటనే చెప్పవలెను.

హైదరాబాదు, చెన్నై, బెంగుళూరు నగరములలో వేలకొలది యువతీయువకులు ఈ అంకెలు వ్రాయు వృత్తిలో నున్నారు. వారిలో తెలుగువారు పెక్కుమంది. జీవశాస్త్రము చదివినవారికి ఇది తగిన ఉద్యోగము. అమెరికాలోని ఆసుపత్రుల కాగితములు చదివి, అచ్చట 2015 అక్టోబరు 1 నుండి అమలులోనున్న పద్ధతిలో వీరు సంకేతములు వ్రాయుదురు. ఆ దేశపు పట్టికలో సంకేతము ఏడు స్థానముల వఱకు సాగును. మోకాలు కమిలినదనుట చాలదు, కుడియా ఎడమయా యనియు, రోగి చికిత్సకు తొలుత వచ్చెనా మరల వచ్చెనా యనియు తెలుపవలెను. కుడిమోకాలికి ఎస్80.01, ఎడమకు ఎస్80.02. వైద్యుడు ఏ మోకాలో వ్రాయనిచో, 'తెలుపబడని మోకాలు' అను అర్థముగల ఎస్80.00 వ్రాయక తప్పదు. కాగితముమీద లేనిదానిని ఊహించి వ్రాయుట వారికి నిషిద్ధము.

ఆ కాగితము పుట్టునది మన నోటి మాటనుండియే. సండూరు తాలూకా ఆసుపత్రిలో గాని, బళ్ళారిలో గాని వైద్యుడు కన్నడమున ప్రశ్నించినప్పుడు తెలుగుబిడ్డలు తలవంచి ఊరకుండుట నేను చూచియున్నాను. భయపడ నక్కఱలేదు; మాటలు చాలవఱకు మనవే. నెత్తురు వారికి 'నెత్తరు', తల 'తలె', వాపు 'బావు', నిద్ర 'నిద్దె', వాంతి వాంతియే. తల తిరుగుచున్నదనుటకు 'తలెసుత్తు' అనవలెను. ఎడమకాలు 'ఎడగాలు'. ఒక్క 'కుడి' దగ్గఱ మాత్రము జాగ్రత్త. కన్నడమున కుడిప్రక్కను 'బల' అందురు. 'కుడి' యనగా త్రాగుమని అర్థము. కుడికాలు నొచ్చుచున్నదని చెప్పబోయి నీళ్ళగ్లాసు అందుకొనకుండవలెనన్న, 'బలగాలు' అని చెప్పి, నొచ్చుచోటును వ్రేలితో తాకి చూపుడు.